గ్యాసు మస్టరు రోల్ చూడదు: గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలు

గుంటూరులో మిర్చి యార్డు పరిసరాల్లోనూ, ఊరి నుంచి బయటికి పోయే రోడ్ల వెంటా వందకు పైగా కోల్డ్ స్టోరేజీలున్నాయి. సీజన్‌లో యార్డుకొచ్చి వెంటనే అమ్ముడుపోని సరుకు, మంచి ధర కోసం రైతో వ్యాపారో ఆపుకున్న సరుకు టిక్కీల్లో, అంటే మిర్చి నింపిన మూటల్లో, ఈ ఛాంబర్లకు చేరుతుంది. చాలావాటిలో చల్లదనం ఇచ్చేది అమ్మోనియా. ఓ మోస్తరు స్టోరేజీ మస్టరు రోల్‌లో, అంటే హాజరు పట్టీలో, ఉండేది మేనేజరు, గుమస్తా, ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు, వాచ్‌మన్. సీజన్ రోజున ఆ ఆవరణలో పనిచేసేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. ముఠా మేస్త్రి కింద వచ్చే హమాలీలు, వ్యాపారి పిలిపించుకున్న తొడిమలు తీసే మహిళలు, లారీ డ్రైవర్లు, క్లీనర్లు, రిపేరుకొచ్చిన వెల్డర్లు అంతా అక్కడే ఉంటారు. గ్యాసు లీకైతే అది మస్టరు రోల్ చూసి మనుషుల్ని ఎంచుకోదు.

పని ప్రదేశంలో భద్రత, ఆరోగ్యం గురించిన అంతర్జాతీయ ప్రమాణాలను ఈ ఆవరణలో పెట్టి చదివితే రెండు ప్రశ్నలు ముందుకొస్తాయి. ఎవర్ని లెక్కలోకి తీసుకోవాలి? ప్రమాదాన్ని ఏ వరుసలో అడ్డుకోవాలి? సర్టిఫికెట్ తెచ్చుకున్న చోట కూడా ఎక్కువగా గురి తప్పేది ఈ రెంటిలోనే.

ఏ ప్రమాణం ఎవరి కోసం

అంతర్జాతీయ ప్రమాణాలన్నీ ఒకే రకం కావు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్ఓ, చేసే కన్వెన్షన్లు, అంటే దేశాలు ఆమోదించాల్సిన ఒప్పందాలు, ప్రభుత్వాల కోసం. 1981 నాటి 155వ కన్వెన్షన్, 2006 నాటి 187వ కన్వెన్షన్ ఈ రంగానికి పునాది. 2022 జూన్‌లో సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని ఐఎల్ఓ మౌలిక హక్కుల్లో చేర్చి, ఈ రెండు కన్వెన్షన్లకూ మౌలిక హోదా ఇచ్చారు. భారత్ ఈ రెంటినీ ఆమోదించలేదు. అయినా 1919 నుంచీ సభ్యదేశం కాబట్టి ఆ సూత్రాలను గౌరవించి అమలుచేసే బాధ్యత ఉంటుంది. భోపాల్ తర్వాతి ఆలోచనల్లోంచి పుట్టిన 174వ కన్వెన్షన్, భారీ పారిశ్రామిక ప్రమాదాల నివారణకు 1993లో చేసింది, దాన్ని మాత్రం భారత్ 2008లో ఆమోదించింది.

అంతర్జాతీయ ప్రామాణీకరణ సంస్థ, అంటే ఐఎస్ఓ, పని భద్రత నిర్వహణకు తెచ్చిన ఐఎస్ఓ 45001 సంస్థల కోసం. 1999 నుంచి వాడుకలో ఉన్న ఓహెచ్‌ఎస్‌ఏఎస్ 18001 అనే పాత ప్రమాణం స్థానంలో 2018 మార్చిలో వచ్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ దాన్నే ఐఎస్/ఐఎస్ఓ 45001గా స్వీకరించింది. ఇది స్వచ్ఛందం. ఐఎస్ఓ స్వయంగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ధ్రువీకరణ సంస్థలు ఆడిట్ చేసి ఇస్తాయి, అది మూడేళ్లు చెల్లుతుంది, మధ్యలో ఏటా నిఘా ఆడిట్ ఉంటుంది. ఎవరైనా సర్టిఫికెట్ చూపిస్తే ముందు చదవాల్సింది అందులో పరిధి అని రాసిన రెండు మూడు లైన్లు. ఆ పరిధిలోకి కంప్రెసర్ గది వస్తుందా, లోడింగ్ ప్లాట్‌ఫాం వస్తుందా, కాంట్రాక్టు మనుషుల పని వస్తుందా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇక మూడో రకం సాంకేతిక ప్రమాణాలు: శీతలీకరణ వ్యవస్థల భద్రతకు ఐఎస్ఓ 5149, వేడిని కొలవడానికి ఐఎస్ఓ 7243, చేతులతో బరువులెత్తే పనికి ఐఎస్ఓ 11228. వీటిని చదివేవాళ్లు తక్కువ గానీ, పనికొచ్చే అంకెలన్నీ వీటిలోనే ఉంటాయి.

చట్టం వీటన్నిటికీ విడిగా నడుస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం సరుకును కోల్డ్ స్టోరేజీలో నిల్వచేయడాన్ని కూడా తయారీ ప్రక్రియగానే లెక్కించింది. అంటే కోల్డ్ స్టోరేజీ గోడౌన్ కాదు, ఫ్యాక్టరీ. కరెంటుతో నడిచే చోట పదిమంది కార్మికులుంటే ఆ చట్టం కిందికి వచ్చేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఆ సంఖ్య ఇరవై అయింది. మస్టరులో ఏడెనిమిది మందే ఉన్న స్టోరేజీ ఈ గీతకు ఏ పక్కన పడుతుందన్నది కాంట్రాక్టు మనుషుల్ని లెక్కపెట్టామా లేదా అన్నదాని మీదే ఆధారపడుతుంది. ప్రాణాపాయం ఉన్న పనులైతే ఒక్క కార్మికుడున్నా కోడ్ వర్తించేలా ప్రభుత్వం నోటిఫై చేయడానికి వీలుంది.

ఎవరి మనిషి?

కోల్డ్ స్టోరేజీలో ప్రమాదం జరిగితే మొట్టమొదట వినిపించే మాట "అతను మా మనిషి కాదు, ముఠా మనిషి" అని. ఐఎస్ఓ 45001 దగ్గర ఈ మాట చెల్లదు. సంస్థ అదుపులో పని జరుగుతున్నంత వరకు జీతం ఎవరిచ్చినా, అసలు జీతమే లేకున్నా, రోజంతా ఉన్నా గంటసేపే ఉన్నా అతన్ని కార్మికుడిగానే చూస్తుంది. 155వ కన్వెన్షన్ 17వ అధికరణం ఇంకా సూటిగా ఉంటుంది: ఒకే చోట ఒకేసారి రెండు మూడు సంస్థలు పనిచేస్తుంటే భద్రత విషయంలో అవన్నీ కలిసి పనిచేయాలి. స్టోరేజీ యజమాని, సరుకు వ్యాపారి, ముఠా, రిపేరు కాంట్రాక్టరు అని నలుగురు ఒకే కప్పు కింద ఉండే గుంటూరు పద్ధతికి ఈ అధికరణం కొలత తీసి కుట్టినట్టు సరిపోతుంది.

ఆచరణలో దీని మొదటి మెట్టు గేటు దగ్గర పుస్తకం. లోపలికి వెళ్లిన ప్రతి ముఠాలో ఎంతమంది, ఏ ఛాంబరుకు వెళ్లారు, ఎప్పుడు బయటికొచ్చారు అన్నది ఎప్పటికప్పుడు రాయాలి. గ్యాసు లీకై అందరూ బయటికి పరుగెత్తాక "ఇంకా లోపల ఎవరున్నారు?" అన్న ప్రశ్నకు జవాబిచ్చేది ఈ పుస్తకమే. అది గేటు దగ్గరే ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు. ఛాంబరు తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలి. లోపల చీకట్లో చేతికందేలా అలారం బటన్ ఉండాలి. ఈ రెండూ చిన్న ఖర్చులే. బయట గడియ పెట్టి తాళం వేసే పాత అలవాటే అసలు అడ్డంకి.

మా మనిషి, ముఠా మనిషి అన్న ఈ గీత లెక్కల్లో కూడా తేడా తెస్తుంది. ప్రమాదాల రేటు కట్టే పద్ధతి ఐఎస్ 3786 అనే భారతీయ ప్రమాణంలో ఉంది: ప్రమాదాల సంఖ్యను పది లక్షలతో గుణించి, మొత్తం పని గంటలతో భాగించాలి. పన్నెండు మంది మస్టరు మనుషులు, ఏడాదికి 300 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే 28,800 గంటలు. హమాలీ కాలు విరిగితే అతను మస్టరులో లేడు కాబట్టి రేటు సున్నా. గోడ మీద "ప్రమాదరహిత దినాలు" బోర్డు పెరుగుతూనే ఉంటుంది. అతన్ని లెక్కలోకి తెచ్చి, అతని ముఠా గంటలను భాగహారంలో చేర్చితేనే ఆ అంకెకు అర్థం వస్తుంది.

కార్మికుల సంప్రదింపు గురించి ఐఎస్ఓ 45001లో ప్రత్యేకంగా 5.4 అనే విభాగముంది. పర్యవేక్షణ బాధ్యతలు లేని మామూలు కార్మికుల్ని పాల్గొనేలా చేయాలని నొక్కి చెబుతుంది. ఇక్కడ ముఠా మేస్త్రితో మాట్లాడి సంతకం పెట్టించుకుంటే పని అయిపోదు. మూట మోసేవాడికి ఏ మెట్టు ఊగుతోందో, ఏ చెక్క విరిగిందో మేస్త్రి కంటే బాగా తెలుసు. తక్షణ ప్రాణాపాయం ఉందని సహేతుకంగా నమ్మి పని వదిలి బయటికొచ్చిన కార్మికుడి మీద కక్ష సాధించకూడదని 155వ కన్వెన్షన్ 13వ అధికరణం చెబుతుంది. మన ఫ్యాక్టరీల చట్టంలోని 41-హెచ్ సెక్షన్ అంత దూరం పోలేదు. ప్రమాదకర ప్రక్రియ ఉన్న చోట కార్మికుడు ప్రమాదాన్ని యాజమాన్యం దృష్టికి తేవచ్చని, యాజమాన్యం చర్య తీసుకోవాలని మాత్రమే అంది. రోజు కూలీ మీద బతికే హమాలీకి ఈ తేడా కాగితం మీది తేడా కాదు. బయటికొస్తే ఆ పూట కూలి పోతుందా లేదా అన్న ప్రశ్న.

ఆయిల్ తీసే వాల్వు దగ్గర

ప్రమాదాన్ని అడ్డుకునే పద్ధతులకు ఐఎస్ఓ 45001 ఒక వరుస పెట్టింది. ముందు ప్రమాదాన్నే తీసేయాలి. కుదరకపోతే తక్కువ ప్రమాదమున్న దానితో మార్చాలి. తర్వాత యంత్రపరమైన ఏర్పాట్లు, ఆ తర్వాత పద్ధతులు, శిక్షణ, చిట్టచివర ఒంటికి తొడిగే రక్షణ సామగ్రి. మన దగ్గర భద్రత కోసం డబ్బు ఖర్చుపెట్టడం ఈ వరుస చివరి నుంచి మొదలవుతుంది. హెల్మెట్లు, గ్లౌజులు, బోర్డులు కొంటారు, ఫొటో దిగుతారు. వరుస ఎందుకు ముఖ్యమో అమ్మోనియా ప్లాంటులో ఆయిల్ తీసే పని చూస్తే తెలుస్తుంది. అమ్మోనియా ప్లాంట్లలో మనుషులు గాయపడే పనుల్లో ఇది ముందు వరుసలోది.

కంప్రెసర్‌లో పోసిన ఆయిల్ కొంత గ్యాసుతో పాటు కొట్టుకుపోతుంది. సెపరేటర్ ఎంత పట్టినా మిగిలింది కండెన్సర్, రిసీవర్ దాటి చల్లటి వైపు ద్రవ అమ్మోనియా నిలిచే అక్యుములేటర్ అనే పాత్ర (వెసెల్) దాకా చేరుతుంది. ద్రవ అమ్మోనియాతో ఆయిల్ కలవదు, దానికంటే బరువు, అందుకే అడుగున పేరుకుంటుంది. కాయిల్స్‌లో ఆయిల్ పొర పడితే చల్లదనం తగ్గి కరెంటు బిల్లు పెరుగుతుంది. కాబట్టి అడపాదడపా అడుగు వాల్వు తెరిచి తీయక తప్పదు.

చిక్కంతా ఇక్కడే. చలికి ఆయిల్ చిక్కబడి ఉంటుంది. వాల్వు కొద్దిగా తెరిస్తే రాదు. ఆపరేటర్ ఇంకాస్త తెరుస్తాడు, రాదు, పూర్తిగా తెరుస్తాడు. అడ్డుపడ్డ మడ్డి ఒక్కసారిగా జారిపోతే దాని వెనక ఒత్తిడిలో ఉన్న ద్రవ అమ్మోనియా బయటికి దూకుతుంది. బయటి గాలిలో అది మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఒక లీటరు ద్రవం 850 లీటర్లకు పైగా గ్యాసవుతుంది. ఆపరేటర్ వెనక్కి దూకుతాడు. ఇప్పుడు వాల్వు చక్రం ఆ తెల్లటి మేఘం లోపలుంది. మూసేవాడు లేడు. వెసెల్‌లో ఉన్నదంతా బయటికొచ్చేదాకా ఆగదు.

ఈ పని గ్లౌజులతో సురక్షితమైపోదు. కావలసింది ఆయిల్‌ను నేరుగా వెసెల్ నుంచి బకెట్‌లోకి తీయాల్సిన అవసరమే లేకుండా చేయడం. వెసెల్ కింద విడిగా చిన్న ఆయిల్ పాట్ పెట్టి, దాని పైభాగం నుంచి సక్షన్ లైనుకు, అంటే కంప్రెసర్ గ్యాసును లాక్కునే పైపుకు, ఒక గొట్టం కలుపుతారు. అప్పుడు పని ఇలా సాగుతుంది. వెసెల్‌కూ పాట్‌కూ మధ్య వాల్వు తెరిస్తే ఆయిల్ పాట్‌లోకి దిగుతుంది. ఆ వాల్వు మూసేసి, సక్షన్ వైపు వాల్వు నెమ్మదిగా తెరవాలి. పాట్‌లో ఆయిల్‌తో పాటు వచ్చిన అమ్మోనియా మరిగి కంప్రెసర్ వైపు పోతుంది. పాట్ బయట పట్టిన మంచు పూర్తిగా కరిగేదాకా ఆగాలి. తర్వాత సక్షన్ వాల్వు మూసి, ఇరవై ముప్పై నిమిషాలు గేజీ చూడాలి. ముల్లు మళ్లీ పైకి పోతుంటే లోపల ఇంకా ద్రవం ఉన్నట్టే. మళ్లీ సక్షన్ తెరవాలి. ముల్లు కదలకుండా నిలిచాకే ఆయిల్ తీయాలి. మిర్చి ఛాంబర్ల కోసం అమ్మోనియా మైనస్ 5 డిగ్రీల దగ్గర ఆవిరవుతోందనుకుంటే సక్షన్ ఒత్తిడి సుమారు 2.5 బార్, అంటే 36 పీఎస్ఐ ఉంటుంది. పాట్‌లో మిగిలే ఆ కాస్త ఒత్తిడి ఆయిల్‌ను బయటికి తోయడానికి చాలు.

డ్రెయిన్ దగ్గర రెండు వాల్వులు వరసగా ఉండాలి. మొదటిది మామూలు మూసే వాల్వు. రెండోది చెయ్యి తీయగానే స్ప్రింగుతో తనంతట తాను మూసుకునేది. ఆపరేటర్ వెనక్కి దూకినా వాల్వు మూసుకుంటుంది, దాని ప్రయోజనమే అది. ఆయిల్ మెల్లగా వస్తోందని ఆ హ్యాండిల్‌ను తీగతో కట్టి టీ తాగడానికి వెళ్లడం చాలా ప్లాంట్లలో కనిపించే అలవాటు. తీగ కట్టిన వాల్వుకూ మామూలు వాల్వుకూ తేడా లేదు. ఆడిటర్ ఎవరైనా కంప్రెసర్ గదిలో ముందు చూడాల్సింది ఆ హ్యాండిల్ చుట్టూ తీగ గుర్తులున్నాయా అనే.

ఇన్ని ఏర్పాట్లు చేశాకే చివరి మెట్టు, మాస్కు సంగతి వస్తుంది. గ్యాసును వడకట్టే డబ్బా బిగించి ముఖమంతా కప్పే క్యానిస్టర్ మాస్కుకు అమ్మోనియా కోసం ఆకుపచ్చ గుర్తున్న కె రకం ఫిల్టరే వాడాలి. దుమ్ము ఫిల్టరు గ్యాసును ఆపదు. సీలు తీసిన క్యానిస్టర్ గోడకు వేలాడుతూనే పాడైపోతుంది. గాలిలో అమ్మోనియా 300 పీపీఎం (పది లక్షల వంతుల్లో 300 వంతులు) దాటితే తక్షణ ప్రాణాపాయ స్థాయి. అక్కడికి క్యానిస్టర్ మాస్కుతో వెళ్లకూడదు, సిలిండరు గాలితో ఊపిరి తీసుకునే సెట్టు కావాలి. గడ్డం ఉన్న ముఖానికి మాస్కు అంచు అతుక్కోదు. అన్నిటికంటే విచిత్రమైన లోపం మాస్కు పెట్టే చోటు: ఎక్కువగా కంప్రెసర్ గది లోపలే తగిలిస్తారు. లీకైనప్పుడు మాస్కు తెచ్చుకోవడానికి లీకులోకే వెళ్లాలి. మాస్కు, ఎగ్జాస్ట్ ఫ్యాను స్విచ్చి, ప్లాంటును ఆపే బటన్ ఈ మూడూ తలుపు బయట ఉండాలి.

పది గంటల వరకు ఉండే పని రోజుకు సగటున, అమెరికాలోని వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ సిఫార్సు చేసే పరిమితి 25 పీపీఎం. డిటెక్టర్ అలారం కూడా అక్కడే మోగేలా పెట్టడం ఆనవాయితీ. మా ఆపరేటర్ ముక్కే డిటెక్టర్ అనే యజమానులున్నారు. రోజూ ఆ వాసనలో ఉండేవాడి ముక్కు మొద్దుబారి, బయటివాళ్ల కంటే ఆలస్యంగా పసిగడుతుంది. అమ్మోనియా గాలికంటే తేలిక కాబట్టి సెన్సరు పైన పెడతారు. కానీ ద్రవం లీకైతే చల్లటి పొగలా నేల వెంట పాకుతుంది, అందుకే కింద కూడా ఒకటుంటే మంచిది. సెన్సరు గడువు తీరినా పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు టెస్టు గ్యాసు పట్టి మోగుతుందో లేదో చూడకపోతే అది అలంకారమే.

నీళ్ల గురించి ఓ మాట. గ్యాసు మేఘం మీద నీటిని తుంపరగా కొడితే అమ్మోనియా బాగా కరిగి తగ్గుతుంది. నేలమీద మడుగు కట్టిన ద్రవం మీద గొట్టంతో నీళ్లు పోస్తే మాత్రం అది ఇంకా ఉధృతంగా మరిగి మేఘం రెట్టింపవుతుంది. కరిగిన నీళ్లు కాలువలో కలిస్తే చేపలు చచ్చిపోతాయి. కళ్లలో పడితే వెంటనే, కనీసం 15 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడగాలి. అందుకు కొళాయి ఆయిల్ తీసే చోటికి పది అడుగుల్లో ఉండాలి, ఆఫీసు వెనక కాదు. జనం గుమికూడే చోటు గాలికి ఎదురు దిక్కున ఉండాలి, గాలి మారుతుంది కాబట్టి అలాంటి చోట్లు రెండు కావాలి. కప్పు మీద గాలి దిశ చూపే గుడ్డ సంచి ఖరీదైన వస్తువేమీ కాదు.

టిక్కీ బరువు, మే నెల ఎండ

గ్యాసు ప్రమాదం అరుదుగా జరుగుతుంది, అందరూ మాట్లాడుకుంటారు. హమాలీ నడుము రోజూ అరుగుతుంది, ఎవరూ రాయరు. 2019 సంవత్సరానికి ఐఎల్ఓ వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో పని కారణంగా చనిపోయినవాళ్లు సుమారు 29.3 లక్షల మంది. అందులో ప్రమాదాల వల్ల 3.3 లక్షలు, మిగిలిన 26 లక్షలూ జబ్బుల వల్లే.

గుంటూరు మిర్చి టిక్కీ 40 నుంచి 45 కిలోలు తూగుతుంది. 1967 నాటి ఐఎల్ఓ సిఫార్సు ఒక వయోజన పురుషుడు మోసే గరిష్ఠ బరువును 55 కిలోలన్నది. దాని ప్రకారం టిక్కీ పాసవుతుంది. ఐఎస్ఓ 11228 ప్రకారం కాదు. అంతా అనుకూలంగా ఉన్నప్పుడే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము వంగకుండా, మెలి తిరగకుండా ఎత్తితేనే పురుషుడికి 25 కిలోలు. దానికి తోడు రోజు మొత్తం మోతకు కూడా హద్దుంది: 8 గంటలకు 10,000 కిలోలు, మోసే దూరం 20 మీటర్లయితే 6,000. నూటయాభై టిక్కీలు మోసిన హమాలీ 45 కిలోల లెక్కన 6,750 కిలోలు మోసినట్టు. ప్లాట్‌ఫాం నుంచి ఛాంబరు చివరికి 20 మీటర్లు దాటడం మామూలే.

వరుసలో పైమెట్టు ఇక్కడ సంచీ సైజు. పాతిక కిలోల సంచీ వస్తే సమస్య సగం తీరుతుంది. అది ఏ ఒక్క స్టోరేజీ చేతిలోనూ లేదు. యార్డు, వ్యాపారులు, ముఠా సంఘాలు కూర్చుని మూటకింత అన్న కూలి రేట్లతో సహా తేల్చాల్సిన వ్యవహారం. అది జరిగేలోపు కన్వేయర్, చక్రాల బండి, ప్లాట్‌ఫాంను లారీ ఎత్తుకు కట్టడం మోత దూరాన్ని, వంగుడును తగ్గిస్తాయి. ఛాంబరు లోపలి అంతస్తులకు సరుకు ఎక్కించే లిఫ్టులో మనుషులు ఎక్కకుండా చూడాలంటే బోర్డు చాలదు. తలుపు మూస్తే తప్ప కదలని, లోపల నిలబడి నొక్కే బటనే లేని లిఫ్టు కావాలి.

ఎండను ఐఎస్ఓ 7243 ఉష్ణోగ్రతతో కొలవదు, డబ్ల్యూబీజీటీ అనే సూచికతో కొలుస్తుంది. ఆరుబయట అయితే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ రీడింగుకు 0.7, నల్లగోళం లోపల పెట్టిన థర్మామీటర్ రీడింగుకు 0.2, మామూలు రీడింగుకు 0.1 వంతు కలపాలి. మేలో గుంటూరులో గాలి 42, నల్లగోళం 50, తడి థర్మామీటర్ 27 ఉన్నాయనుకుందాం: 18.9, 10, 4.2 కలిపితే 33.1. ఎండకు అలవాటుపడ్డవాళ్లు మూటలు మోయడం లాంటి బరువైన పని చేసేటప్పుడు ప్రమాణం పెట్టిన హద్దు 26. అంటే మధ్యాహ్నం ఆరుబయట ఆ పనే కుదరదు. విశ్రాంతి గంటలు పెంచడం, లోడింగును తెల్లవారుజాముకు జరపడం, ప్లాట్‌ఫాం మీద రేకు కింద వేడి తగలకుండా అడ్డు కట్టడం తప్ప దారి లేదు. పైగా ఆ చెమట బట్టలతోనే పది డిగ్రీల లోపుండే ఛాంబరులోకి పోయి వస్తుంటారు. రెండు పనులకూ ఒకే ముఠాను తిప్పకుండా, బయటివాళ్లు బయట, లోపలివాళ్లు పొడి కోట్లతో లోపల ఉండేలా పంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

తొడిమలు తీసే మహిళల గురించి ఆడిట్ నివేదికల్లో వెతికినా కనబడదు. మిర్చి దుమ్ములోని క్యాప్సైసిన్ కళ్లనూ గొంతునూ మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది. నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది గానీ తేమ పెరిగి బూజు, దాన్నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం పట్టుకుంటాయి, ఎగుమతి సరుకు తిరిగొస్తుంది. కాబట్టి దుమ్మును పుట్టినచోటే లాగేయాలి: జల్లెడ పలకతో ఉన్న బల్ల, కింద నుంచి గాలిని పీల్చే ఫ్యాను. అది పెట్టేలోగా గాలి వీపు వైపు నుంచి వచ్చేలా కూర్చోబెట్టడం, ఊడ్చే చీపురు బదులు వ్యాక్యూమ్ వాడడం. ముఖానికి చుట్టుకునే చీర కొంగు సన్నటి దుమ్మును ఆపదు. చేతుల మంటకు నీళ్లు పనిచేయవు, క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది. ముందు నూనె రుద్ది తర్వాత సబ్బుతో కడగాలి. ఈ సామగ్రి ఖర్చేదీ కార్మికుల మీద పడకూడదని 155వ కన్వెన్షన్ 21వ అధికరణం చెబుతుంది. కిలో లెక్కన కూలి తీసుకునే చోట చేతులు కడుక్కునే ఐదు నిమిషాలు కూడా ఖర్చే, దాన్నీ అందులోనే చూడాలి.

ఆటోనగర్‌కు అదే కొలమానమా?

విజయవాడ ఆటోనగర్‌లో నలుగురైదుగురు పనిచేసే షెడ్డుకు ఐఎస్ఓ 45001 ఫైళ్లు మోయడం కుదిరే పని కాదు, అవసరమూ కాదు. ఐఎల్ఓ చిన్న సంస్థల కోసం రూపొందించిన వైజ్ అనే పద్ధతి ఇక్కడ నప్పుతుంది. చెక్‌లిస్టు పట్టుకుని పక్క షెడ్డు తిరిగి చూసి, తక్కువ ఖర్చుతో చేయగలిగినవి వెంటనే చేయడమే దాని తీరు. ఆలోచన వరుస మాత్రం మారదు.

లారీ టైరులో గాలి నింపే పనిలో రింగున్న డిస్కులు ప్రాణాలు తీస్తాయి. తుప్పుపట్టిన రింగు సరిగ్గా కూర్చోకపోతే వంద పీఎస్ఐ దగ్గర ఎగిరిపడుతుంది. దానికి జవాబు ఇనప బోను, వాల్వుకు తనంతట తాను పట్టుకునే క్లిప్పు, గాలి నింపేవాడు పక్కకు జరిగి నిలబడేంత పొడవైన గొట్టం. జంట చక్రాలైతే నట్లు విప్పకముందే రెండింటిలోనూ గాలి తీసేయాలి. పెట్రోలు ట్యాంకరుకు వెల్డింగు చేసేచోట ఖాళీ ట్యాంకరే ఎక్కువ ప్రమాదకరం. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం చేరితే చాలు అంటుకుంటుంది. మూత తీసి ఎండలో పెట్టాం అన్నది రుజువు కాదు. ఆవిరితో కడిగి, గ్యాసు మీటరు లోపలికి దించి, పైనా మధ్యా అడుగునా చూసి సున్నా వచ్చాకే నిప్పు దగ్గరికి తేవాలి. గంట ఆగి మళ్లీ మొదలుపెడితే మళ్లీ చూడాలి. మడ్డిలో ఇంకిన పెట్రోలు వెల్డింగు వేడికి తిరిగి ఆవిరవుతుంది.

ఇదే వెల్డరు గుంటూరు స్టోరేజీకి రిపేరుకు వెళితే అక్కడ థర్మాకోల్ ఇన్సులేషన్, గోనె సంచులు ఎదురవుతాయి. నిప్పురవ్వ పది పదకొండు మీటర్లు ఎగురుతుంది. అంత మేర కాలే వస్తువులు తీసేయాలి, పని ముగిశాక గంటసేపు ఒక మనిషి అక్కడే ఉండి చూడాలి. రెండు వాల్వుల మధ్య ద్రవ అమ్మోనియాను బంధించి పైపు విప్పడానికి దిగడం ఇంకో తప్పు. ఎండకు వేడెక్కిన ద్రవం వ్యాకోచించి పైపును చీల్చేస్తుంది. ముందు పంపు డౌన్ చేసి, అంటే ఆ పైపులోని అమ్మోనియాను కంప్రెసర్‌తో లాగేసి, గేజీ చూసి, అప్పుడు విప్పాలి. అందుకే 45001 మార్పుల నిర్వహణను, కాంట్రాక్టర్లను విడివిడి విభాగాలుగా పెట్టింది. రోజువారీ పద్ధతులు సీజన్ ముగిశాక జరిగే ఈ పనులకు చాలవు.

ప్రమాదం జరిగాక రాసే నివేదికల్లో "ఆపరేటర్ నిర్లక్ష్యం" అన్న మాట దగ్గరే విచారణ ఆగిపోతుంది. ఐఎస్ఓ 45001లోని 10.2వ విభాగం అడిగేది ఆ తర్వాతి సంగతులు. అతను వాల్వు పూర్తిగా ఎందుకు తెరిచాడు? ఆయిల్ రాలేదు కాబట్టి. ఎందుకు రాలేదు? పాట్ లేదు, చలికి గడ్డకట్టింది. చెయ్యి తీయగానే వాల్వు ఎందుకు మూసుకోలేదు? స్ప్రింగు వాల్వు పెట్టలేదు, లేదా తీగ కట్టారు. ఒంటరిగా ఎందుకున్నాడు? రాత్రి షిఫ్టుకు రెండో మనిషిని తీసేశారు. వీటిలో ప్రతి జవాబుకూ ఒక దిద్దుబాటు, ఒక తేదీ, ఒక పేరు ఉండాలి. ప్రమాదం జరిగిన చోటే కాదు, అలాంటి వాల్వు ఎక్కడెక్కడ ఉందో అక్కడంతా చూడాలి. అక్యుములేటర్ కింద కొత్త వాల్వు బిగించి, రిసీవర్ కింద పాతది అలాగే ఉంచితే ఆ నివేదికను మూసేయడానికి వీల్లేదు.